దేముడమ్మ అడిగిన ఆట

నా భార్య దేముడమ్మ నాతో ముప్పై మూడేళ్లు కాపురం చేసింది. అన్నేళ్లలో ఆమె నన్ను పదే పదే అడిగింది ఒక్కటే. తనతో ఒక్క ఆట జీడిపిక్కలు ఆడమని. నేను ఆడలేదు. ఆమె పోయి రెండేళ్లయింది.

మాది పలాసకు తూర్పున, సముద్రం వైపు, ఉద్దానంలో చిన్న ఊరు. జీడితోటలే బతుకు. ఎండాకాలం పళ్లు రాలే రోజుల్లో మా వీధిలో పిల్లలతో పాటు పెద్దలూ పిక్కలు ఆడతారు. మట్టి నేల మీద గీత గీసి పిక్కల్ని బారుగా నిలబెడతారు. పన్నెండు అడుగుల ఇవతల ఇంకో గీత. దాని వెనక నిలబడి, చేతిలో ఉన్న పెద్ద పిక్కతో ఆ వరసను కొట్టాలి. పడినవన్నీ కొట్టినవాళ్లవి. కొట్టేటప్పుడు గీత తొక్కితే ఆ దెబ్బ చెల్లదు. అంతే ఆట. నాకది ఆటలా కూడా కనిపించేది కాదు. అమ్ముకునే సరుకును మట్టిలో దొర్లించడంలా కనిపించేది.

నా పదకొండో ఏట మా నాన్న పోయాడు. అప్పటినుంచి తోట నా నెత్తిన పడింది. చిన్నతనంలో నన్నెవరూ ఆడుకోనివ్వలేదని అందరికీ చెప్పేవాణ్ని. అది నిజమే. యాభై ఏళ్లు వచ్చాక కూడా అదే చెప్తే దాన్ని సాకు అంటారు.

దేముడమ్మ నా మేనమామ కూతురు. నన్ను బావా అని పిలిచేది. ఆమెకున్న గురి మా వీధిలో ఇంకెవరికీ లేదు. తెల్లవారుతూనే నాతో తోటకు వచ్చి, రాలిన పళ్లు ఏరి, పిక్కలు తెంపి, ఇంటికొచ్చి వంట చేసి, మధ్యాహ్నం మూడింటికి కొంగు నడుముకు బిగించి వీధిలోకి దిగేది. నేను అరుగు మీద కూర్చుని చిరిగిన గోనెసంచులు కుట్టుకుంటూ ఉండేవాణ్ని. ఆట దగ్గర్నుంచే నన్ను కేకేసేది.

"రా బావా. ఒక్క దెబ్బ కొట్టి పో. సేతులేటి అరిగిపోవు."

"పనయ్యాక సూద్దాం," అనేవాణ్ని.

ఆ పని అయ్యేది కాదు. అయితే ఇంకో పని పట్టుకునేవాణ్ని.

ఒక ఏడాది ఆమె ఆడే పిక్కను నేను సంచిలో వేసి అమ్మేశాను. కావాలని కాదు. తోటలో ఉత్తరం మూల చెట్టు పిక్కల్లో ఏరి ఏరి పట్టుకున్నది అది. బొటనవేలంత లావు. ఆముదం రాసి, గుడ్డతో తుడిచి, దీపం గూట్లో పెట్టుకునేది. నాకు గూట్లో పిక్క కనిపించింది, తీసి సంచిలో పడేశాను. ఆమె రెండు రోజులు వెతికింది. మూడో రోజు విషయం తెలిసి, ఏమీ అనకుండా ఇంకోటి ఏరుకుంది. 

మా వీధిలో ఒక ఆచారం ఉంది. అమ్మవారి సంబరం మర్నాడు జోడీల ఆట పెడతారు. మొగుడు వరస నిలబెడితే పెళ్లాం కొట్టాలి, పెళ్లాం నిలబెడితే మొగుడు కొట్టాలి. మా ఊరి మగవాళ్లు చాలామంది పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్లే. కొందరు హైదరాబాదులో తాపీపని, కొందరు గుజరాత్ రేవుల్లో పడవల మీద. వాళ్ల ఆడవాళ్లు ఆట నుంచి తప్పుకోకూడదని, ఊళ్లో లేని మొగుడి చోట సన్నికల్లు పొత్రం నిలబెడతారు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, వరసలు కలిపి పరాచికాలాడతారు. అతని వంతు దెబ్బ కూడా ఆమే కొట్టుకుంటుంది.

నేను ఊళ్లోనే ఉండేవాణ్ని. ఆట జరిగే చోటికి ఇరవై అడుగుల దూరంలో, మా అరుగు మీదే ఉండేవాణ్ని. దేముడమ్మ ఏటేటా పొత్రాన్ని పక్కన పెట్టుకుని ఆడింది.

ఎదురింటి సీతమ్మ నాకు వరసకు చెల్లెలు. ఒక ఏడాది అందరూ వినేలా ఆ పొత్రాన్ని పలకరించింది. "ఏటన్నాయా, పలకవేటి? ఓహో, ఇంట్లో కూడా ఇలాగే ఉంటావు కదా, మరిసిపోయాను." వీధంతా నవ్వింది. దేముడమ్మ కూడా నవ్వింది. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఆ పూట అన్నం ముట్టలేదు. ఆమె కంచం పట్టుకుని బతిమాలుతూ నిలబడింది. నా పరువు పోయిందన్న ఆలోచన తప్ప నాకింకేమీ లేదు. ఆ రాయి పక్కన అందరి ముందూ నిలబడింది తనేనని నాకు తట్టలేదు.

మాకు ఒక్కతే కూతురు, హేమ. తల్లితో ఆడుతూ పెరిగింది. చిన్నప్పుడు అదీ నన్ను పిలిచేది. ఎన్నో ఏట మానేసిందో నాకు గుర్తు లేదు.

తిత్లీ తుపానుకు మా తోట మొత్తం పడిపోయింది. తాత నాటిన చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మర్నాటి ఏడాది అంటుమొక్కలు తెచ్చి పాతాను. అవి ఇంకా నడుమెత్తు కూడా రాకముందే దేముడమ్మకు కిడ్నీ జబ్బు బయటపడింది. మా వైపు చాలా ఇళ్లలో ఉన్న జబ్బే. వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించాలి. ఆ రెండు రోజులూ నేనే బండి మీద తీసుకెళ్లేవాణ్ని. ఒక్క రోజు తప్పించలేదు. దాన్ని నా గొప్పగా చెప్పుకునేవాణ్ని. మిగిలిన అయిదు రోజులూ ఆమె అరుగు మీద, నేను తోటలో.

అప్పుడు కూడా అడిగింది. కాళ్లు వాచి ఉన్నాయి. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నిలబడలేను గానీ కూకుని కొడతాను బావా. నువ్వు వరస నిలబెట్టు, సాలు."

మొక్కలకు నీళ్లు పెట్టాలని, ఒక్క రోజు మానితే చచ్చిపోతాయని చెప్పాను.

"పోన్లే, ఎల్లు. మొక్కలు సావకూడదు," అంది.

నేను బిందెలు తీసుకుని వెళ్లిపోయాను.

చివరి ఏడాది ఆమె నన్ను అడగడం మానేసింది. నేను వస్తే కాళ్లు దగ్గరకు తీసుకుని దారి ఇచ్చేది. వెళ్తే వెళ్లనిచ్చేది. వీధిలో ఆట మొదలైతే అటు చూసేది కాదు. నాకు హాయిగా అనిపించింది. ఇన్నాళ్లకు మనిషికి బుద్ధి వచ్చింది అనుకున్నాను. సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను.

పుష్యమాసంలో పోయింది. యాభై రెండేళ్లు. ఆ ఎండాకాలమే కొత్త తోట మొదటిసారి నిండుగా కాసింది. పిక్కలు బరువుగా, బాగా ఉన్నాయి.

హేమ శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అల్లుడు నాగబాబు విశాఖపట్నంలో కారు నడుపుతాడు, వారానికో పదిరోజులకో ఇంటికి వస్తాడు. వాళ్ల పిల్ల విశాలికి ఏడేళ్లు. సెలవుల్లో పిల్లను నాగబాబు తల్లి చూసుకునేది. ఈ ఏడాది ఆమె బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకెక్కడా కుదరక హేమ పిల్లను పదకొండు రోజులకు నా దగ్గర దింపింది. కుదరకే దింపింది. ఆ సంగతి దాచలేదు.

నేను ముందే ఒక డబ్బా నిండా మంచి పిక్కలు ఏరి పెట్టుకున్నాను. పిల్ల "ఆడదాం రా తాతా" అంటుంది, అన్న వెంటనే లేవాలి, ఉండు అనకూడదు అని గట్టిగా అనుకున్నాను.

పిల్ల అడగలేదు. మొదటి రోజు అడగలేదు, రెండో రోజూ అడగలేదు. తిన్న కంచం తనే కడిగి బోర్లించింది. అరుగు మీద ఒక మూల ఫోన్ పట్టుకుని కూర్చుంది. నేను అటు వెళ్తే ఇంకా మూలకు జరిగింది. మూడో రోజు నేనే ఎదురుగా కూర్చుని, నీకేం కావాలో చెప్పమన్నాను.

"నీకు పనుంటాది కదా తాతా. నేను అల్లరి సెయ్యనులే," అంది.

అడగడం మానేసిన మనిషి నా ఇంట్లో ఒక ఏడాది ఉంది. అలాంటి మనిషి ఎలా జరిగి కూర్చుంటుందో నాకు తెలుసు.

నాకు పనేమీ లేదని చెప్పి వీధిలోకి తీసుకెళ్లాను. గీత గీశాను, వంకర పోయింది. పిక్కలు నిలబెట్టాను. ఒకటి నిలబెడితే రెండు పడ్డాయి. సీతమ్మ తన గుమ్మంలో చింతపండు గింజలు తీసుకుంటూ అంతా చూసింది.

"ఏటన్నాయా, ఇప్పుడు గుర్తొచ్చిందేటి ఆట? మా వదినుండగా రావాల్సింది."

 ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

విశాలి నాతో ఆడింది. ఎంత మర్యాదగా ఆడిందంటే చూడలేకపోయాను. నాలుగు పడగొడితే రెండు తిరిగి నా దోసిట్లో పోసింది. నా దెబ్బ వరసకు మూరెడు దూరంలో పడితే, పర్లేదు తాతా, బాగానే కొట్టావు అంది. ప్రతి దెబ్బ తర్వాత నా మొహం చూసి, ఇంక సాలా తాతా అని అడిగింది. బడిలో టీచరు చెప్పిన పని చేస్తున్నట్టు చేసింది. రోజూ సాయంత్రం అలాగే జరిగింది. ఒక్కరోజు కూడా గొడవ పడలేదు, ఒక్కరోజు కూడా గెలవాలనుకోలేదు. దాన్ని ఆట అనరు. ఆట అంటే ఏమిటో తెలియని నాకే ఆ సంగతి తెలిసింది.

సీతమ్మ ఒకరోజు మంచినీళ్ల కుళాయి దగ్గర నాతో మామూలుగా మాట్లాడింది. పిల్ల అంత మర్యాదగా ఆడేది నీకు భయపడి కాదు, నువ్వు మధ్యలో లేచి వెళ్లిపోతావని బెంగపడి అంది. దెబ్బలాడితే పెద్దాళ్లు ఆట మానేసి పోతారని దానికి ఎక్కడో తెలిసిపోయింది అంది.

ఎక్కడ తెలిసిందో నేను విశాలినే అడిగాను. అమ్మ నీతో ఆడదా అన్నాను. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటుందట. లేచి వంట చేస్తుందట. తర్వాత బట్టలట. "పనయ్యాక సూద్దాం అంటాది," అని చెప్పింది. అందులో నిష్ఠూరం లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

ఆ మాట హేమకు ఎక్కణ్నుంచి వచ్చిందో నేను ఎవరినీ అడగక్కర్లేదు. ఆదివారం హేమ వస్తుంది. పిల్లను తీసుకుపోయే ముందు హేమ చేత దానితో ఒక్క ఆట ఆడించాలి. నిజంగా ఆడించాలి. అది తప్ప ఆ కూతురి దగ్గర నాకేమీ అడగాలనిపించలేదు.

ఆదివారం రెండింటికి వచ్చింది. అయిదింటి బస్సుకు తిరిగి వెళ్లాలి. వచ్చీ రాగానే చీర మార్చుకుని ఇల్లు ఊడ్చింది. మసిపట్టిన గిన్నెలు తోమింది. నా పంచెలు పెరట్లో వేసి ఉతకడం మొదలుపెట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నడుం వంచి ఆపకుండా పని చేసే ఆ తీరు తల్లిది కాదు. నాది.

నాలుగు కావస్తుండగా చెప్పాను. పిల్లతో ఒక్క ఆట ఆడి వెళ్లమన్నాను.

"నీకు మతి పోయిందేటి నాన్నా? రేపొద్దున్న ఎనిమిదింటికి డ్యూటీ. దారిలో రెండు బస్సులు మారాలి."

ఒక్క దెబ్బ చాలన్నాను.

ఆమె తడి పంచెను బకెట్లో వదిలేసింది.

"నువ్వా నాకు సెప్పేది? అమ్మ పక్కన పొత్రం ఎట్టిననాడు నువ్వెక్కడున్నావు? ఆ అరుగు మీద. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నేనూ సూసాను. మా నాన్న సచ్చిపోయాడేటి, రాయెడతన్నారు అని అమ్మని అడిగాను. అమ్మ నా నోరు మూసింది."

ఈ సంగతి నాకు తెలియదు. దేముడమ్మ ఎన్నడూ చెప్పలేదు.

నన్ను నేను సమర్థించుకోలేదు. అనవలసింది అన్నాను.

"సివరి ఏడాది మీ అమ్మ నన్ను అడగడం మానీసింది. నాకు హాయిగా ఉండీది. అదీ నా బతుకు. ఇప్పుడు నీ కూతురు మానీసింది. నువ్వు సూసుకోలేదు. నీకూ హాయిగానే ఉంటాది."

హేమ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. నూతి గట్టు మీద కూర్చుంది. చేతుల నిండా సబ్బు నురగ. నా వైపు చూడకుండా చెప్పింది.

"అమ్మ మానీలేదు నాన్నా. నిన్ను అడగడం మానీసింది. నన్ను అడిగీది. ఫోన్ సేసి, ఒక్క ఆదివారం రాయే, కూకుని ఆడుకుందాం అనీది. వస్తాను వస్తాను అన్నాను. సెలవులు దాసుకున్నాను. అమ్మకి మరీ బాగోలేనప్పుడు పక్కనుండాలి కదా, అప్పుడు వాడదామని దాసుకున్నాను." చేతి మీది నురగ నేలకు విదిల్చింది. "అన్నీ దినాలకి వాడీసాను."

ఓదార్చడం నాకు రాదు. పక్కన నిలబడ్డాను, అంతే. మా ఇద్దర్నీ ఒకే మనిషి ఒకే మాట అడిగింది. ఇద్దరం ఒకే జవాబు ఇచ్చాం. ఆ జవాబు హేమకు నేర్పింది నేను. అందుకని ఆమె పాపం కూడా నా మీదే వేసుకోవాలి. వేసుకున్నా ఆమెది తగ్గదు.

వెనక చప్పుడైంది. విశాలి పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. బూట్లు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని సిద్ధంగా ఉంది. ఎవరూ చెప్పలేదు. తనే తయారైంది.

"అమ్మా, బస్సుకి టైమైపోతాది," అంది.

హేమ ఆ పిల్ల వంక చూసింది. బూట్ల తాళ్లు, జుట్టుకు తనే పెట్టుకున్న క్లిప్పు, గట్టిగా పట్టుకున్న బ్యాగు పట్టీ, అన్నీ చూసింది. లేచి చేతులు కడుక్కుంది.

"పిక్కలాడదామేటే?"

విశాలి వెంటనే ఒప్పుకోలేదు. ముందు నన్ను చూసింది. తర్వాత బకెట్లో బట్టల్ని చూసింది. "నీకు పనుంది కదమ్మా," అంది.

హేమ పిల్ల భుజం మీద బ్యాగు తీసి నా చేతిలో పెట్టి, దాని చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది.

గీత హేమ గీసింది. వరస హేమ నిలబెట్టింది. ఒక్క పిక్క పడలేదు. మొదటి మూడు దెబ్బలూ విశాలి నాతో ఆడినట్టే ఆడింది. పడినవాటిలో సగం తల్లికి ఇవ్వబోయింది. ఇంక సాలా అమ్మా అని అడిగింది. హేమ చాలదంది. వీధి మలుపులో అయిదింటి బస్సు హారన్ కొట్టింది. హేమ తల తిప్పింది. ఒక్క క్షణం కాలు కూడా కదిలింది. పిల్ల వెంటనే చేతిలో పిక్కలు కింద పెట్టేసింది. వంగి బూటు తాడు సరిచేసుకుంది.

హేమ అది చూసింది. సీతమ్మకు చెయ్యి ఊపింది. సీతమ్మ మలుపు దాకా వెళ్లి బస్సును పొమ్మంది. బస్సు పోయింది.

ఆ తర్వాత హేమ కొట్టిన దెబ్బకు అయిదు పిక్కలు పడ్డాయి. ఏరుకోబోతుంటే విశాలి మెల్లగా అంది, వినపడీ వినపడనట్టు.

"గీత తొక్కావు."

"తొక్కలేదే."

"తొక్కావు. నేను సూసాను."

"నీ మొహం. కాలు ఇక్కడుంది, సూడు."

"ఇప్పుడు ఎనక్కి జరిపావు. దొంగాట. ఇటిచ్చీ."

పిల్ల తల్లి గుప్పిట విప్పదీయడానికి రెండు చేతులతో పట్టుకుని గుంజింది. హేమ ఇవ్వలేదు. ఇద్దరూ మట్టిలో కూలబడ్డారు. సీతమ్మ పరుగెత్తుకొచ్చి పిల్ల వైపు చేరింది. తొక్కావే, నేనూ సూసాను అని అబద్ధం ఆడింది. విశాలి గొంతు వీధి చివరి దాకా వినిపించింది. ఆ పిల్లకు అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

నేను అరుగు మీద ఉన్నాను. ఒకసారి లేచి మెట్టు దిగాను. ఎవరూ ఇటు చూడలేదు. ఇంకో వరస నిలబెడుతున్నారు. నాకు చోటు ఇమ్మని అడిగితే విశాలి వెంటనే ఇస్తుంది. మళ్లీ మర్యాదగా ఆడుతుంది. అందుకని వెనక్కి వచ్చి కూర్చున్నాను.

ఏడింటి బస్సుకు వెళ్లారు. మళ్లీ ఎప్పుడు ఆడతారో, అసలు ఆడతారో లేదో నాకు తెలియదు. డ్యూటీ అలాగే ఉంటుంది, వంట అలాగే ఉంటుంది. బస్సు దాకా బ్యాగు నేను మోశాను. గీత తొక్కావు, తొక్కలేదు అని దారంతా కొట్లాడుకుంటూనే నడిచారు. బస్సెక్కి సీట్లో కూర్చున్నాక కూడా తల్లీకూతుళ్లు అదే మాట మీద ఉన్నారు. కిటికీ పక్కన నేను నిలబడి ఉన్నాను. పదకొండు రోజులు కంచం కడగడం కూడా మరిచిపోని పిల్ల, నాకు టాటా చెప్పడం మరిచిపోయింది.